ఎండా, ఉక్కా? వేడి ప్రదేశాల గురించి రాసేటప్పుడు సరైన మాట ఎలా ఎంచుకోవాలి

వేడిగా ఉండే ఊరి గురించో దేశం గురించో రాయాల్సి వస్తే చేతికి మొదట తగిలే మాట 'వేడి'. "అక్కడి వాతావరణం చాలా వేడిగా ఉంటుంది" అని రాసేస్తాం. వాక్యంలో తప్పేమీ లేదు, కానీ చదివినవాళ్ళకు కొత్తగా తెలిసేదీ ఏమీ లేదు.

కొన్నేళ్ళ క్రితం సింగపూర్ వెళ్ళొచ్చి మా అమ్మమ్మతో "అక్కడ బాగా వేడి అమ్మమ్మా" అన్నాను. ఆవిడ వెంటనే "ఎండా, ఉక్కా?" అని అడిగింది. ఒక్క క్షణం ఆలోచించి "ఉక్కే" అన్నాను. "అయితే రాత్రిళ్ళు కూడా సుఖం ఉండదన్నమాట" అంది. ఆ దేశాన్ని ఆవిడ ఎప్పుడూ చూడలేదు. నేను పది నిమిషాలు చెప్పినా అందని సంగతి ఆ ఒక్క మాటతో ఆవిడకు అందింది. అప్పటి నుంచి వేడి గురించి ఏం రాయాల్సి వచ్చినా ముందు ఆ ప్రశ్న వేసుకుంటాను. మీరూ అక్కడి నుంచే మొదలుపెట్టండి.

మొదటి పని: వేడి ఎటు నుంచి వస్తోందో తేల్చుకోండి

తెలుగులో వేడికి ఉన్న మాటలు చాలావరకు అది ఎంత ఉందో చెప్పవు, ఎక్కడి నుంచి వస్తోందో చెబుతాయి. పైనుంచి పడేది ఎండ. చుట్టూ కమ్ముకుని కదలకుండా ఉండేది ఉక్క. గాలితో పాటు ముఖానికి కొట్టేది వడగాలి, దాన్నే గాడ్పు అని కూడా అంటాం. నేల, గోడ, బండ, రేకు లాంటివి తాము పీల్చుకున్న వేడిని బయటికి వదిలితే అది సెగ. ఒంట్లో పుట్టి బాధించేది తాపం. ఈ ఐదింటిలో మీరు చెప్పదలచుకున్నది ఏదో తేలిపోతే సగం పని అయిపోయినట్టే.

ఎండ దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే చాలామంది దాన్ని వేడికి మారుపేరుగా వాడేస్తారు. ఎండ అంటే వేడి కాదు, సూర్యుడి వెలుగు మనమీద పడటం. చలికాలం పొద్దున్నే ఎండలో కూర్చుంటే హాయిగా ఉంటుంది. అందుకే ఎండకు ముందు ఎప్పుడూ ఇంకో మాట కావాలి. లేత ఎండ పొద్దుటిది, చర్మానికి ఇష్టమైనది. నీరెండ పొద్దున గానీ సాయంత్రం గానీ కాసే పలచటి ఎండ. ఎర్రటి ఎండ, మండుటెండ మిట్టమధ్యాహ్నానివి. మాడు పగిలే ఎండ అన్నామంటే సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉన్నాడని, తలమీద గుడ్డ కూడా లేదని అర్థమైపోతుంది. ఎండ పక్కనే 'ఎండడం' అనే క్రియ కూడా ఉందని మరిచిపోకండి. బట్టలు ఎండుతాయి, చెరువులు ఎండిపోతాయి, గొంతు ఎండిపోతుంది. ఎండ అన్నప్పుడల్లా పాఠకుడి మనసులో ఎక్కడో పొడిదనం కూడా మెదులుతుంది. తేమతో ఊపిరాడని చోటుకు 'ఎండ' సరిపోకపోవడానికి అదే కారణం.

ఇంకో చిన్న సంగతి ఉంది, నాకు చాలా ఇష్టమైనది. "ఎండ ఎక్కువగా ఉంది" అంటే ఇప్పుడు, ఈ పూట. "ఎండలు ఎక్కువగా ఉన్నాయి" అంటే ఈ వారాలు, ఈ కాలం. ఒక్క బహువచనంతో మధ్యాహ్నం కాస్తా ఋతువైపోయింది. "ఎండలు ముదిరాయి" అని రాస్తే చాలు, నెలల లెక్క చెప్పక్కర్లేదు.

ఉక్కను ఉక్కగా చెప్పడం

ఉక్కకు రెండు లక్షణాలు ఉండాలి. గాలిలో తేమ ఉండాలి, ఆ గాలి ఆడకూడదు. మన ఒళ్ళు చల్లబడేది చెమట పట్టడం వల్ల కాదు, పట్టిన చెమట ఆరడం వల్ల. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే చెమట ఆరదు, కారుతుంది. అందుకే పొడి ప్రదేశంలో 38 డిగ్రీలు నీడపట్టున ఎలాగో భరించగలిగేవాళ్ళు కూడా సముద్రం పక్కన 33 డిగ్రీలకు అల్లాడిపోతారు. అమెరికా వాతావరణ సంస్థ వాడే పట్టిక ప్రకారం ఉష్ణోగ్రత 32 డిగ్రీలు, తేమ 70 శాతం ఉంటే ఒంటికి దాదాపు 41 డిగ్రీలంత అనిపిస్తుంది. అదీ నీడలో ఉన్నప్పటి లెక్క.

వాడుకలో ఉక్క ఎవరూ చేసే పని కాదు. "ఉక్కపోస్తోంది" అంటాం, "నాకు ఉక్కగా ఉంది" అంటాం. 'నేను ఉక్కగా ఉన్నాను' అనలేం. నామవాచకం కావాలంటే ఉక్కపోత. తెలంగాణ వాడుకలో ఉడుకపోత. పాత్ర చేత మాట్లాడించేటప్పుడు ఆ మనిషిది ఏ ప్రాంతమో చూసుకుని ఈ రెండింటిలో ఒకటి ఎంచుకోండి. రెండూ నిఖార్సైన మాటలే, ఒకటి ఎక్కువా ఇంకొకటి తక్కువా కాదు.

ఉక్కను చూపించడానికి పెద్ద వర్ణన అక్కర్లేదు. ఆకు కదలడం లేదు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. తుడుచుకున్న మెడ మళ్ళీ తడిసింది. ఇలాంటివి రెండు రాస్తే 'ఉక్క' అన్న మాట రాయకపోయినా పాఠకుడు విసనకర్ర కోసం వెతుక్కుంటాడు. ఒక జాగ్రత్త: చెమట పట్టింది, చెమటలు కారాయి అనేవి వేడికి వాడే మాటలు. ముచ్చెమటలు పట్టాయి అంటే మాత్రం అది భయం, టెన్షన్. ఎండ గురించి రాస్తూ ముచ్చెమటలు అనేస్తే వెనక ఎవరో తరుముతున్నట్టు ఉంటుంది.

తర్వాత చూడాల్సింది: గాలి ఉందా, లేదా?

వడగాలి అన్నప్పుడు గాలి వీచాలి. ఎండిన నేలమీదుగా వచ్చి, చెవుల పక్కన కొట్టి, పెదవులు పగలగొట్టే గాలి అది. ఇక్కడ వార్తల భాషకు, వర్ణన భాషకు తేడా వస్తుంది. భారత వాతావరణ శాఖ వడగాలులు ప్రకటించడానికి చూసేది ఉష్ణోగ్రతను. మైదాన ప్రాంతంలో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలకు చేరి, మామూలు కంటే 4.5 డిగ్రీలు గానీ అంతకంటే ఎక్కువ గానీ పెరిగితే వడగాలులు. 45 డిగ్రీలు తాకితే మామూలుతో పోల్చకుండానే వడగాలులు, 47 తాకితే తీవ్ర వడగాలులు. తీరప్రాంతానికి కనీస హద్దు 37 డిగ్రీలు. ఈ లెక్కలో గాలి వేగం ఎక్కడా లేదు. అంటే ఆకు కదలని రోజున కూడా అధికారికంగా వడగాలులు ఉండొచ్చు.

కాబట్టి వార్త రాస్తుంటే వాళ్ళు ఏ మాట వాడారో అదే వాడండి, మార్చకండి. సొంతంగా వర్ణిస్తుంటే మాత్రం గాలి నిజంగా వీచినప్పుడే వడగాలి అనండి. వీయనప్పుడు 'ఎండల తీవ్రత' అంటే చాలు. ఈ మాటల కుటుంబంలో వడదెబ్బ కూడా ఉంది, అది తగులుతుంది. వడగళ్ళు మాత్రం ఆకాశం నుంచి పడే మంచుగడ్డలు. తెలుగు కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఇక్కడ తికమకపడటం చూశాను.

ప్రతి మాటకూ దాని క్రియ

వేడి గురించి రాసిన వాక్యం ఎక్కడో అతకలేదనిపిస్తే చాలాసార్లు లోపం నామవాచకంలో ఉండదు, క్రియలో ఉంటుంది. ఎండ కాస్తుంది, ఎక్కుతుంది, ముదురుతుంది, మండుతుంది, వాలుతుంది. తెలంగాణలో ఎండ కొడుతుంది. వడగాలి వీస్తుంది. సెగ తగులుతుంది. ఉక్క పోస్తుంది. వేడి పుడుతుంది, పెరుగుతుంది. ఉష్ణోగ్రత పెరుగుతుంది, పడిపోతుంది, నమోదవుతుంది. వీటిని అటూ ఇటూ మారిస్తే చెవికి వెంటనే తెలిసిపోతుంది. 'ఉష్ణోగ్రత కాస్తోంది' అని ఎవరూ అనరు. 'వేడి ఉష్ణోగ్రతలు' అని మాత్రం రాస్తున్నారు. ఉష్ణోగ్రత అన్న మాటలోనే ఉష్ణం ఉంది. అది ఎక్కువ గానో తక్కువ గానో ఉంటుంది, వేడిగా ఉండదు.

ధ్వని మాటలు కూడా ఇలాగే తమ చోటు ఎరిగి ఉంటాయి. భగభగ మంటకు చెందింది, అందుకని పైనుంచి మండే సూర్యుడికి సరిపోతుంది. చుర్రుమనడం తాకినప్పుడు కలిగేది: చెప్పులు విడిచి బండమీద కాలు పెట్టగానే అరికాలు చుర్రుమంటుంది. చురుక్కుమనడం అంతకంటే చిన్నది, సూది మొనలాంటిది, మెడ వెనక ఎండ పడినప్పటిది. ఉక్కకు మాత్రం ధ్వని మాట అతకదు. అది చప్పుడు చేయని వేడి. ఒక పేరాలో ఇలాంటి మాట ఒక్కటి చాలు. రెండోది వచ్చేసరికి మొదటిదాని బలం పోతుంది.

వెచ్చదనం సంగతి

ఇంగ్లిష్ నుంచి అనువాదం చేసేవాళ్ళకు ఎక్కువ ఇబ్బంది వచ్చేది ఇక్కడే. 'వార్మ్ క్లైమేట్' కనబడగానే 'వెచ్చని వాతావరణం' అని రాసేస్తారు. కానీ తెలుగులో వెచ్చన అంటే సుఖం. చలిలోంచి లోపలికి వచ్చినప్పుడు, దుప్పటి కప్పుకున్నప్పుడు, అమ్మ ఒడిలో ఉన్నప్పుడు వెచ్చగా ఉంటుంది. పక్కన చలి ఉంటేనే ఆ మాటకు ప్రాణం. మంచు దేశం నుంచి దక్షిణాదికి వలస వచ్చే పక్షుల గురించి రాస్తుంటే "వెచ్చని దేశాలకు ఎగిరి వస్తాయి" అనడం అద్భుతంగా ఉంటుంది, ఎందుకంటే పక్షికి అది నిజంగానే సుఖం. అదే మాట ఎడారికి వాడితే అబద్ధమవుతుంది.

నులివెచ్చన ఇంకా సున్నితమైనది, పొద్దుటెండకు బాగుంటుంది. గోరువెచ్చన నీళ్ళకు, పాలకు, మహా అయితే సముద్రపు నీటికి. 'గోరువెచ్చని దేశం' అని రాయకండి.

అయితే 'వార్మ్ క్లైమేట్' ఎలా చెప్పాలి? ఆ చోటు ఎలాంటిదో చూసి చెప్పాలి. చలి తెలియని చోటు, చలికాలం పెద్దగా లేని దేశం, ఏడాదంతా ఎండ కాసే తీరం. ఒక విశేషణానికి బదులు నాలుగు మాటలు పట్టినా ఫర్వాలేదు, తెలుగుకు అదే నప్పుతుంది.

రోజు గురించా, కాలం గురించా?

'వాతావరణం' మీద మనం చాలా బరువు మోపాం. భూమి చుట్టూ ఉన్న గాలిపొర వాతావరణమే, ఇవాళ్టి ఎండావానా వాతావరణమే, ఏళ్ళ తరబడి ఒక ప్రాంతం ఉండే తీరూ వాతావరణమే. ఇంట్లో గొడవైతే అదీ వాతావరణమే. పాఠ్యపుస్తకాల్లో ఏళ్ళ తరబడి తీరుకు విడిగా శీతోష్ణస్థితి అనే మాట ఉంది. ప్రపంచ వాతావరణ సంస్థ పద్ధతిలో దాన్ని 30 ఏళ్ళ సగటుతో లెక్కిస్తారు. శాస్త్ర వ్యాసమైతే శీతోష్ణస్థితి అనే రాయండి.

మామూలు రాతలో ఆ మాట బరువుగా అనిపిస్తే ఏం చేయాలో తెలుగు వ్యాకరణమే చూపిస్తుంది. "వేడిగా ఉంది" అంటే ఇవాళ. "వేడిగా ఉంటుంది" అంటే ఎప్పుడూ. క్రియ ఒక్కటి మారితే చాలు, రోజుకూ కాలానికీ మధ్య గీత పడుతుంది. దానికి "ఏ నెలలో వెళ్ళినా", "ఏడాది పొడవునా" లాంటి మాట ఒకటి జోడిస్తే అనుమానమే ఉండదు. ప్రయాణాల గురించి రాసేవాళ్ళు తాము వెళ్ళిన మూడు రోజుల ఎండను "ఉంటుంది" అని రాయడం నాకు బాధగా ఉంటుంది. చదివి వెళ్ళినవాడు వానలో తడుస్తాడు. మీరు చూసింది మూడు రోజులైతే "మేం వెళ్ళినప్పుడు ఉక్కగా ఉంది" అని రాయండి.

కాలాల పేర్లలో ఎండాకాలం మాట్లాడేది, వేసవి రాసేది, గ్రీష్మం కవిత్వంలోది, పంచాంగంలోది. వేసవి సెలవులు అంటాం గానీ గ్రీష్మ సెలవులు అనం. గ్రీష్మంతో ఇంకో చిక్కు ఉంది. పంచాంగం ప్రకారం చైత్ర వైశాఖాలు వసంతం, జ్యేష్ఠ ఆషాఢాలు గ్రీష్మం. ఏప్రిల్ ఎండలకు గ్రీష్మం అని రాస్తే పంచాంగం తెలిసిన పాఠకుడు ఆగిపోతాడు. వేసవి అంటే ఆ గొడవ లేదు. రోహిణి కార్తె అంటే ఇంకా కచ్చితం, మే చివరి వారం నుంచి జూన్ మొదటి వారం దాకా. రోహిణి ఎండలకు రోళ్ళు పగులుతాయన్న సామెత తెలియని తెలుగువాళ్ళు తక్కువ.

భూగోళం మాటలు, అంకెలు

ఉష్ణమండలం అంటే కర్కటరేఖకు, మకరరేఖకు మధ్య ఉన్న ప్రాంతం. రెండూ భూమధ్యరేఖకు దాదాపు 23.5 డిగ్రీల దూరంలో ఉన్నాయి. ఇది సూర్యుడి లెక్క, ఒంటికి తగిలే వేడి లెక్క కాదు. ఈక్వడార్ రాజధాని క్విటో దాదాపు భూమధ్యరేఖ మీదే ఉంది, కానీ 2,850 మీటర్ల ఎత్తులో ఉండటం వల్ల అక్కడ స్వెటర్ కావాలి. వ్లాదిమిర్ కెప్పెన్ అనే శాస్త్రవేత్త 1884లో మొదలుపెట్టి, తర్వాత మెరుగుపరుస్తూ వచ్చిన శీతోష్ణస్థితుల వర్గీకరణలో ఉష్ణమండల శీతోష్ణస్థితి అనిపించుకోవాలంటే ఏడాదిలో అతి చల్లటి నెల సగటు కూడా 18 డిగ్రీలకు తగ్గకూడదు. అందుకని 'ఉష్ణమండల దేశం' అని రాసి వేడి సంగతి చెప్పేశాననుకోకండి. ఉష్ణమండలం అని చెప్పి, ఆ తర్వాత అది తేమదా, పొడిదా, ఎత్తైనదా అని ఇంకో మాట చేర్చండి.

అంకె ఇచ్చేటప్పుడు "ఎండ 45 డిగ్రీలు ఉంది" అనడం మాటల్లో చెల్లుతుంది. రాతలో ఉష్ణోగ్రత అనాలి. వాతావరణ కేంద్రాలు కొలిచేది ఎండను కాదు, నీడలో ఉన్న గాలి వేడిని. తెల్లరంగు వేసి, గాలి ఆడేలా సందులున్న చెక్కపెట్టెలో థర్మామీటర్ పెట్టి కొలుస్తారు. నేరుగా ఎండలో నిలబడ్డవాడి బాధ ఆ అంకెలో ఉండదు. దాన్ని చెప్పాల్సింది మీ మాటే.

ఒక పేరా మార్చి చూద్దాం

"సింగపూర్‌లో, ఫీనిక్స్‌లో వాతావరణం చాలా వేడిగా ఉంటుంది. రాత్రుళ్ళు కూడా వేడి తగ్గదు." రెండు ఊళ్ళకూ ఈ వాక్యాలు నిజమే. ఇప్పుడు అమ్మమ్మ ప్రశ్న వేయండి.

సింగపూర్ భూమధ్యరేఖకు ఒక్క డిగ్రీ పైన ఉంది, చుట్టూ సముద్రం. పగలు 31, 32 డిగ్రీలు, రాత్రి 25 దగ్గర, జనవరికీ జూన్‌కూ పెద్ద తేడా లేదు. ఇది ఉక్క. "సింగపూర్‌లో ఏ నెలలో దిగినా ఉక్కే. పొద్దున ఆరేసిన తువ్వాలు సాయంత్రానికీ చెమ్మగానే ఉంటుంది. వాన పడి వెలిసినా గంట తిరిగేసరికి మళ్ళీ చొక్కా వీపుకు అంటుకుంటుంది."

అమెరికాలోని ఫీనిక్స్ ఎడారి నగరం. 2023లో జూన్ 30 నుంచి జూలై 30 దాకా వరసగా 31 రోజులు అక్కడ ఉష్ణోగ్రత 43 డిగ్రీలు దాటింది. ఆ జూలైలో ఒక రాత్రి 36 డిగ్రీల కంటే కిందికి దిగలేదు. ఇది పగలు ఎండ. మరి రాత్రి? సూర్యుడు లేడు, తేమ లేదు. పగలంతా కాగిన తారురోడ్లు, కాంక్రీటు గోడలు రాత్రి ఆ వేడిని వదులుతున్నాయి. అంటే సెగ. "ఫీనిక్స్‌లో జూలై ఎండకు పెదవులు ఎండి పగులుతాయి. పొద్దుగూకాక బయటికి వస్తే ఎండ పోతుంది గానీ సెగ పోదు. గోడ పక్కగా నడిస్తే అటువైపు చెంప వెచ్చబడుతుంది."

చివరి వాక్యంలో 'వెచ్చబడుతుంది' దగ్గర నేను చాలాసేపు ఆగాను. వెచ్చదనం సుఖానిదని పైన చెప్పి ఇక్కడ వాడటం సరికాదు. 'కాలుతుంది' అంటే ఎక్కువైపోతుంది, గోడ అంత వేడిగా లేదు. సెగకు దాని క్రియ దానికి ఉండనే ఉంది. "గోడ పక్కగా నడిస్తే అటువైపు చెంపకు సెగ తగులుతుంది" అని మార్చి, ముందు వాక్యంలో 'సెగ పోదు' తీసేసి 'కాక పోదు' అని పెట్టాను.